పెళ్లిచూపుల రోజు తమ్ముణ్ని పిన్నమ్మ ఇంటికి పంపేయమంటున్నారు

కొర్లగుంట అక్క:

మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 27. తమ్ముడికి వచ్చే నెలకి 18 నిండుతాయి. వాడికి డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది. ఈ ఆదివారం చిత్తూరు నుంచి నన్ను చూడటానికి వస్తున్నారు. సంబంధం తెచ్చిన పెద్దాయన నిన్న మా ఇంట్లో కాఫీ తాగుతూ, "అబ్బోణ్ని ఆ ఒక్కరోజు శ్రీకాళహస్తిలో మీ చెల్లెలింట్లో ఉంచమ్మా, తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు" అన్నాడు. అమ్మ ఊ అనలేదు, ఊహూ అనలేదు. గ్లాసు తీసుకుని లోపలికెళ్లిపోయింది. నాకు భయం అక్కడే. ఇన్నేళ్లూ వాడి మీద ఎవరు నోరు జారినా తిరగబడిన మనిషి ఆమె.

ఇంతకుముందు రెండు సంబంధాలు పోయాయి. ఒకటి ఫోన్లోనే ఆగింది. రెండోవాళ్లు వచ్చారు, మైసూర్‌పాక్ తిన్నారు, వాణ్ని చూశారు, వారం తర్వాత జాతకాలు కుదరలేదన్నారు. కుదిరాయి కాబట్టే వస్తున్నామని చెప్పిందీ వాళ్లే.

వాడు ఎవర్నీ ఇబ్బంది పెట్టడు. మాట స్పష్టంగా రాదు, కొత్తవాళ్లకి అర్థం కాదు, అంతే. ఇంటికెవరొచ్చినా వాళ్ల చెప్పులు గోడవారగా జతలు జతలుగా సర్దుతాడు. వెళ్లేటప్పుడు ఎవరివి వాళ్ల కాళ్ల ముందు పెడతాడు. ఇంతవరకూ తప్పలేదు.

మే నెలలో గంగమ్మ జాతర వచ్చిందంటే వాణ్ని పట్టలేం. బైరాగి వేషం రోజు వీధి పిల్లలతో పాటు ఒళ్లంతా నామకొమ్ము పూసుకుని, వేపమండ పట్టుకుని తాతయ్యగుంట గుడికి పోతాడు. చెవుల వెనక కూడా నేనే పూయాలి, లేకపోతే కదలడు. ఆ తెల్లపూతలో ఎవరు ఎవరో తెలీదు. దారిలో ఎవరూ ఆపి "పాపం, పుట్టుకతోనేనా?" అని అడగరు. మిగతా రోజుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అదీ వాడి ముందే.

నాకు రెండు తెలియాలి. ముందే ఫోన్ చేసి చెప్పేయాలా, వచ్చాక వాళ్లే చూస్తారులే అని ఊరుకోవాలా? రెండోది, "రేపు నీ పిల్లలకీ వస్తుందా" అంటే ఏం చెప్పాలి? నిజంగా నాకే తెలీదు.

ల్యాబ్ మనిషి:

రెండోది నేను చెప్తా, నా పని అదే. తమ్ముడి చిన్నప్పుడు క్యారియోటైప్, అంటే క్రోమోజోములు లెక్కచూసే పరీక్ష చేయించి ఉంటారు, ఆ కాగితం వెతకండి. మామూలుగా మనిషికి 46 ఉంటాయి. అందులో 47 అనీ, చివర ప్లస్ 21 అనీ ఉంటే 21వ క్రోమోజోము ఒకటి అదనంగా వచ్చిందని. నూటికి దాదాపు 95 మందిలో ఇదే కారణం. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు అది, వంశంలోంచి దిగేది కాదు. ఊళ్లో మిగతా ఆడపిల్లలకి ఎంత అవకాశమో మీకూ అంతే. 46 అని ఉండి ట్రాన్స్‌లొకేషన్ అని, అంటే అదనపు 21వది ఇంకో క్రోమోజోముకి అతుక్కుని ఉందని, రాసుంటే మాత్రం లెక్క వేరు. నూటికి మూడో నాలుగో అలా ఉంటాయి. అప్పుడు అమ్మానాన్నల్లో ఒకరు క్యారియర్ (తమకు లేకపోయినా పిల్లలకి అందించగలవాళ్లు) కావచ్చు, మీరూ కావచ్చు. మీరొక రక్తపరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది. కాగితం చూడకుండా "ఏం కాదులెండి" అని మాట ఇవ్వొద్దు.

ఎవరైనా గ్రహణం మాట ఎత్తితే, దీనికి కారణం క్రోమోజోమని 1959లోనే తేలిందని చెప్పండి.

పలమనేరు అమ్మ:

దాచొద్దు తల్లీ. నా కూతురికి తొమ్మిదేళ్లు, ఇదే. మొన్న ఒక గృహప్రవేశంలో మా ఆడబిడ్డ "పాపకి లోపల పెడతాలే" అని వంటింట్లో ఆకేసింది. ప్రేమగానే అనింది, అందుకే ఏమీ అనలేకపోయినా. పాప మాత్రం ఆకు ఎత్తుకుని వచ్చి పంక్తిలో నా పక్కన కూర్చుంది. సాంబారు దారంతా కారింది అనుకో.

పాపకి గుండెలో రంధ్రం ఉండేది. తిరుపతిలో చిన్నపిల్లల హృదయాలయం 2021లో వచ్చింది కానీ మాకు అప్పటికే మద్రాసు తిరుగుళ్లు అయిపోయినాయి. తమ్ముడికి థైరాయిడ్ ఏటా చూపిస్తున్నారా? పెళ్లి గొడవలో అది మర్చిపోవద్దు.

ఎవరో ఒకరు:

అందరూ నీతులు చెప్తున్నారు. ఒక్కరోజు పిన్నమ్మ ఇంటికెళ్తే కొంపలంటుకుంటాయా? ముందు అమ్మాయిని చూడనివ్వండి, తర్వాత చెప్పుకోవచ్చు.

కొర్లగుంట అక్క:

తర్వాత అంటే ఎప్పుడండీ? నిశ్చితార్థానికా, తాళి కట్టాకా? పెళ్లిలో తోడబుట్టినవాడు పీటల దగ్గర లేకపోతే అడగరా? పైగా వాడికి అన్నీ అర్థమవుతాయి. కొత్త చీర మంచం మీద పెట్టడం చూసి, తన చొక్కా తెచ్చి దాని పక్కన పెట్టుకున్నాడు.

చిత్తూరు అల్లుడు:

నేను అవతలి వైపు నుంచి చెప్తా. మా బామ్మర్దికి బుద్ధిమాంద్యం. చూపులప్పుడు మా అమ్మ పిల్లలకి వస్తుందా అనే అడిగింది. ఇంటికొచ్చాక అసలు మాట బయటపడింది, "పెద్దవాళ్లు పోయాక ఆ పిల్లోడు మన మీద పడడా?" అని. ఇది ఎవరూ ముఖం మీద అడగరు, జాతకం మీదకి నెట్టేస్తారు. మా మామ అడగకముందే చెప్పాడు, ఎవరు చూసుకుంటారు, ఇల్లు ఎవరి పేర, నెలకెంత వస్తుంది అని. మా అమ్మ కుదుటపడింది దానికే.

మీ తమ్ముడికి 18 దాటితే చట్టం దృష్టిలో అమ్మానాన్న కూడా వాడికి ఊరికే గార్డియన్లు అయిపోరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లాకో కమిటీ ఉంటుంది. మీది ఇప్పుడు తిరుపతి జిల్లా కదా, చిత్తూరు దాకా రానక్కర్లేదు. అదే ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష దాకా, థెరపీ ఖర్చులకీ వస్తుంది. వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకి 6,000 అయింది, వైకల్య సర్టిఫికెట్ ఉంటే వదులుకోవద్దు. ఒకటి మాత్రం మీరే తేల్చుకోవాలి, రేపు వాణ్ని చూసుకునేది మీరేనా? వచ్చేవాడికి ఆ మాట మీ నోటితో తెలియాలి.

కొర్లగుంట అక్క:

ఆలస్యమైంది, క్షమించండి. కాగితం బీరువాలో మా జాతకాల కవర్లోనే దొరికింది. 47, ప్లస్ 21. శనివారం నేనే అబ్బాయికి ఫోన్ చేసి తమ్ముడి గురించి చెప్పాను, అమ్మానాన్నల తర్వాత వాడు నా దగ్గరే ఉంటాడని కూడా. కాసేపు మాట లేదు. తర్వాత "ఇంట్లో చెప్తా" అన్నాడు. ఆ రాత్రి నిద్ర లేదు.

ఆదివారం వచ్చారు. తమ్ముడు కొత్త చొక్కాతో గుమ్మంలోనే నిలబడ్డాడు. అబ్బాయి వాళ్లమ్మ వాడితో మాట్లాడలేదు, నాతోనూ పెద్దగా మాట్లాడలేదు. అబ్బాయి మాత్రం వాడి మాట అర్థం కాక రెండుసార్లు "ఏంటి?" అని అడిగి, మూడోసారికి పట్టుకున్నాడు. ఇంకో మైసూర్‌పాక్ కావాలా అంటున్నాడు వాడు.

ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. నిన్న రాత్రి ఫోన్ వస్తే అందరం ఉలిక్కిపడ్డాం. అబ్బాయి పెదనాన్నవీ మా నాన్నవీ ఒకే రకం పారగాన్ చెప్పులట, మారిపోయాయట. మావాడు మొదటిసారి తప్పాడు. చెప్పుల కోసమైనా మళ్లీ రావాలి కదా అంటోంది అమ్మ.