అప్‌డేట్: మానిటర్స్‌లో హమ్ పోయింది, తప్పు కేబుల్‌దే

పోయిన వారం అడిగా కదా, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్, గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా) నుంచి స్టూడియో మానిటర్స్‌కి (రికార్డింగ్ వినే స్పీకర్లకి) కనెక్ట్ చేస్తే పాట ఆపినా గుయ్యిమని హమ్ వస్తూనే ఉంది, ఖరీదైన కేబుల్స్ కొనాలా అని. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ, హమ్ పూర్తిగా పోయింది!

మీలో ఒకరు ముందు ప్లగ్ బయటికి తీసి దాని మీద నల్ల గీతలు లెక్కపెట్టమన్నారు. తీసి చూస్తే ఒక్కటే ఉంది, అంటే టీఎస్, సిగ్నల్ ఒకే వైర్‌లో వెళ్లే అన్‌బ్యాలెన్స్‌డ్ రకం. గిటార్ కేబుల్సే పెట్టేశా, జాక్ సరిగ్గా పట్టింది కాబట్టి అదే కరెక్ట్ అనుకున్నా. రెండు గీతలుండే టీఆర్‌ఎస్ (బ్యాలెన్స్‌డ్) కేబుల్స్, మామూలు రకమే, తెచ్చి మార్చగానే సైలెంట్. బ్యాలెన్స్‌డ్‌లో ఒకే సిగ్నల్ రెండు వైర్లలో వెళ్తుంది, ఒకదాంట్లో తిరగేసి, దారిలో దూరే నాయిస్ మాత్రం రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది, అవతల తేడా తీసుకునేసరికి నాయిస్ కొట్టుకుపోయి సిగ్నల్ మిగులుతుంది. కాకపోతే ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్, మానిటర్ ఇన్‌పుట్ రెండూ బ్యాలెన్స్‌డ్ అయి ఉండాలి, కొనేముందు మాన్యువల్ చూస్కోండి.

గిటార్‌కి టీఎస్‌ అలాగే ఉంచా, కానీ 6 మీటర్లది తీసేసి 3 మీటర్లది పెట్టా, తీగల మీద గోరు తగిలే ఆ సన్నటి చప్పుడు కూడా ఇప్పుడు వినిపిస్తోంది, నిజంగా చాలా సంతోషంగా ఉంది. మైక్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) కేబుల్ ముందు నుంచీ ఉన్నదే, మార్చలేదు. పవర్ వైర్లని ఆడియో కేబుల్స్ పక్కనుంచి తీసేశా, తప్పనిచోట అడ్డంగా దాటించా. రేపట్నుంచి వోకల్స్ మళ్లీ మొదట్నుంచి రికార్డ్ చేస్తున్నా.