రొయ్యల చెరువు నుంచి కంప్యూటర్‌కు సీరియల్: 9600లో అక్షరాలా, 115200లో బైనరీనా?

గట్టుమీద_దీపం:
అల్లూరు వైపు నాలుగు చెరువులు. ఒక్కో గట్టు మీద ఒక ఆర్డుయినో ఊనో (చిన్న కంట్రోలర్ బోర్డు), దూరానికి తీగ మీద సీరియల్ డేటా పంపే ఒక మాక్స్485 మాడ్యూలు. ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్ పది సెకన్లకోసారి షెడ్డులో కంప్యూటర్‌కు రావాల. తీగ మొత్తం 180 మీటర్లు. 115200 బాడ్ రేటులో (సెకనుకు పోయే బిట్లు) బైనరీ, అంటే ముడి బైట్లు, పెట్టమని కొందరు, 9600లో మామూలు అక్షరాలు చాలని కొందరు అంటుండారు. ఏది నిలబడుద్ది?

తీగల_మేస్త్రి:
9600 పెట్టన్నా, ఇంకో ఆలోచన వద్దు. ఒక చెరువు లైను ఇట్టా ఉంటది (చెరువు నంబరు, ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్, చివర తప్పు పట్టే సరిచూపు అంకె):
2,4.8,29.6,8.1*08
చివర రెండు బైట్ల లైన్ ఎండింగ్‌తో కలిపి 19 బైట్లు. బైటుకు 10 బిట్ల లెక్కన 20 మిల్లీసెకన్లు. నాలుగు చెరువుల జవాబులూ 80 మిల్లీసెకన్లలో అయిపోతాయి. పది సెకన్ల పనికి 115200 ఎందుకు? పైగా 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఊనోకి అసలు 115200 రాదు, 117647 వస్తది. 2.1 శాతం తేడా. 9600లో అయితే 0.16 శాతమే.

బైట్ల_బుర్ర:
స్పీడు సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ *08 ఎక్సార్ చెక్‌సమ్ (బైట్లన్నిటినీ బిట్టుకు బిట్టు కలిపి తీసే సరిచూపు అంకె) నాకు నచ్చదు. రెండు బైట్లలో ఒకే చోటి బిట్టు తిరగబడితే ఒకదాన్నొకటి కొట్టేసుకొని 08 అట్టాగే ఉంటది. 4.8 కాస్తా 5.9 అయినా కంప్యూటర్ సరే అంటది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళకే నీళ్ళకు గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరుగుతుంటాయి. అంటే అంకె ఎప్పుడు ముఖ్యమో, తీగలో గోల కూడా అప్పుడే ఎక్కువ. చెరువు నంబరు 1 బైటు, మూడు విలువలు 6, సీఆర్‌సీ-16 (ఇంకా గట్టి సరిచూపు కోడు) రెండు. తొమ్మిది బైట్లతో పని అయిపోద్ది.

తీగల_మేస్త్రి:
ఆ తొమ్మిదిట్లో మొదటిది ఏదో ఎట్టా తెలుస్తది? ఒక్క బైటు జారితే ఆ తర్వాత వచ్చేవన్నీ తప్పే. మధ్యలో ఖాళీ చూసి పట్టుకుందామంటే, యూఎస్‌బీ కన్వర్టరు బైట్లను పోగేసి పంపుతది. ఎఫ్‌టీడీఐ చిప్పు ఉండే వాటిలో లేటెన్సీ టైమరు (అట్టా పోగేసి ఆగే గడువు) మామూలుగా 16 మిల్లీసెకన్లు. జవాబుల మధ్య మూడున్నర బైట్ల ఖాళీ వదిలినా, 9600లో అది 4 మిల్లీసెకన్లు కూడా లేదు. కంప్యూటర్‌కు అది కనపడదు.

బైట్ల_బుర్ర:
కాబ్స్ ఎన్‌కోడింగ్ (డేటాలో సున్నా బైట్లు లేకుండా మార్చే పద్ధతి) ఉండాది గదా! సున్నా బైటు ఫ్రేము (ఒక జవాబు మూట) చివర తప్ప ఎక్కడా రాదు. దాంతో కలిపి 11 బైట్లు. జారినా, తర్వాతి సున్నా దగ్గర మళ్ళీ దారిలో పడుద్ది.

తీగల_మేస్త్రి:
పడుద్ది, నిజమే. కానీ షెడ్డులో ఉండే మనిషి టెర్మినల్ (సీరియల్‌లో వచ్చేది చూపే ప్రోగ్రాము) తెరిస్తే ఏం కనపడుద్ది? పిచ్చి గుర్తులు. అక్షరాల లైనుకే *08 బదులు నాలుగు అంకెల సీఆర్‌సీ తగిలిస్తే సరి. 21 బైట్లు, 22 మిల్లీసెకన్లు.

సోల్డరు_పొగ:
మీ ఇద్దరి వాదం కన్నా ముందు మాడ్యూలు చూడండి. 121 అని రాసున్న చిన్న రెసిస్టరు ఉందా? అది 120 ఓములు. నాలుగు మాడ్యూళ్ళలోనూ ఉంటే లైను మీద 30 ఓములే మిగులుతాయి, మాడ్యూలులో సిగ్నలు పంపే డ్రైవరు లాగలేదు. షెడ్డు చివర ఒకటి, ఆఖరి చెరువు దగ్గర ఒకటి ఉంచి మిగతావి పీకెయ్యాల.

మాడ్యూలు ఏ, బీ డేటా తీగలు మెలిపెట్టిన జతలో పోవాల. గ్రౌండుకు ఇంకో తీగ తప్పదు. రెండు తీగలే చాలనుకోవద్దు: గ్రౌండ్ల మధ్య తేడా వల్ల ఏ, బీల మీది వోల్టేజి మైనస్ 7 నుంచి 12 వోల్టుల హద్దు దాటిందంటే చిప్పు పోవచ్చు. ఏరియేటరు కేబులు పక్కనే పెట్టి కట్టబాకండి. కంప్యూటర్ వైపు ఐసొలేటెడ్ (రెండు వైపుల కరెంటునూ విడదీసి ఉంచే) కన్వర్టరు కొంటే ఇంకా మేలు.

గట్టుమీద_దీపం:
ఒక చెరువు నుంచి లైను చివరి అక్షరం తెగిపోయి వస్తుండాది. ఇది బాడ్ రేటు తప్పేనా?

సోల్డరు_పొగ:
కాదు. పంపడం పూర్తికాకముందే డీఈ పిన్ను (మాడ్యూలును పంపే స్థితిలో ఉంచేది) కిందికి దించేస్తుండారు. రాసే ఫంక్షను బైట్లను బఫరులో వేసి వెంటనే తిరిగొచ్చేస్తది. 9600లో ఆఖరి బైటు బయటికి పోవడానికే మిల్లీసెకను పైన పడుద్ది. సీరియల్ ఫ్లష్ పిలిచి, తర్వాత డీఈ దించండి. ఇంకోటి: మాడ్యూలు నుంచి డేటా తెచ్చే ఆర్ఓ తీగ ఊనో సున్నా పిన్నుకే కట్టి ఉంటే, ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు పీకి పెట్టండి. లేకపోతే అప్‌లోడ్ కాదు.