“నీ చేతులెట్లాడెనో”: ద్రౌపది ప్రశ్న ఎవరికి?

పోతన పద్యంలో ‘రణప్రౌఢక్రియాహీనులన్’ అంటే ఏమిటని నిన్న ఒకరు అడిగారు. పద్యం ఇంకోసారి:

ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు బలోత్సేకంబుతోఁ జీఁకటిన్
భద్రాకారులఁ బిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా నీ చేతు లెట్లాడెనో

యుద్ధంలో ఇంకా చేయి తిరగనివాళ్ళు అని అర్థం. నిద్రలో ఉన్న తన కొడుకులను చంపిన అశ్వత్థామను ద్రౌపది నిలదీస్తోంది.

ఇది చదివినప్పుడల్లా నాకు రెండో ప్రపంచ యుద్ధంలో నగరాల మీద రాత్రిపూట వేసిన బాంబులు, అంతకన్నా ముందు వాటిని కాగితం మీద సమర్థించిన మేధావులు గుర్తొస్తారు. ఇటలీ జనరల్ జూలియో డూహే 1921లోనే రాశాడు: సరిహద్దులో సైన్యాలు నిలబడి ఉండగానే వాటిని దాటిపోయి నగరాల మీద పేలుడు బాంబులు, నిప్పు, విషవాయువు కురిపిస్తే, తట్టుకోలేక జనమే యుద్ధం ఆపమంటారని. యుద్ధం త్వరగా ముగుస్తుంది కాబట్టి చివరికి ఇదే తక్కువ క్రూరమట.

బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు సైన్స్ సలహాదారు లిండెమన్, జర్మన్ నగరాల మీద బాంబులు వేయడం గురించి 1942 మార్చి 30న ఇచ్చిన నోట్ ఇంకా దారుణం. ఒక టన్ను బాంబులకు 20 నుంచి 40 ఇళ్ళు కూలతాయి, 100 నుంచి 200 మంది వీధిన పడతారు అని లెక్క కట్టాడు. అయినవాళ్ళు పోయినదానికన్నా ఇల్లు పోయినందుకే జనం ఎక్కువ కుంగిపోతారని కూడా రాశాడు. అందుకు ఆధారం బ్రిటన్‌లోనే బాంబులు పడ్డ హల్, బర్మింగ్‌హామ్ పట్టణాల సర్వే. కానీ ఆ సర్వే చేసినవాళ్ళకు అక్కడ జనం బెదిరి చెల్లాచెదురైన జాడే కనిపించలేదు!

“ఆయుధాలు చేసే కార్మికుడు సైనికుడితో సమానం కదా” అని ఇక్కడే ఒకరు రాశారు. ఆ వాదన ‘శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు’ (ఆయుధం పట్టి యుద్ధభూమిలో లేరు) దగ్గరే ఆగిపోతుంది. ఫ్యాక్టరీని కొట్టడం వేరు, ఆ కార్మికుడు పిల్లలతో పడుకున్న పేటను తగలబెట్టడం వేరు. 1943 జులైలో జర్మనీలోని హాంబర్గ్‌లో బ్రిటన్ బాంబులతో జరిగింది రెండోదే. మంటలు సుడిగాలిలా లేచాయి. బాంబులకు భయపడి ఇళ్ళ కింద సెల్లార్లలో దాక్కున్నవాళ్ళు అక్కడే వేడికీ, విషపు పొగకీ ఊపిరాడక పోయారు. ఆ కొన్ని రోజుల దాడుల్లో చనిపోయినవాళ్ళు 35 వేలకు పైనే.

“ముందు వార్సా, రాటర్‌డామ్, కోవెంట్రీల మీద వేసింది జర్మనీయే” అన్న మాట నిజం. అశ్వత్థామ బాధా నిజమే. తండ్రి ద్రోణుణ్ణి అబద్ధం చెప్పి ఆయుధం వదిలేలా చేసి చంపారు. ద్రౌపది దాన్ని కాదనలేదు. ఆ పని ఈ పిల్లలు చేయలేదు అంటోంది: ‘కించిద్ద్రోహంబును నీకుఁ జేయరు’. బ్రిటన్‌లో బిషప్ జార్జ్ బెల్ కూడా, నాజీలకు బద్ధ వ్యతిరేకి అయి ఉండీ, 1944 ఫిబ్రవరి 9న ప్రభువుల సభలో లేచి జర్మన్ నగరాలను నేలమట్టం చేయడాన్ని ఖండించాడు. యుద్ధం మధ్యలో అలా మాట్లాడటానికి ఎంత గుండె కావాలి!

ఇక ‘చేతులెట్లాడెనో’. మనం ఇప్పుడు ‘నీకు చేతులెలా వచ్చాయి’ అంటామే, అదే. బాంబులు వేసిన బ్రిటన్ బాంబర్ దళం కుర్రాళ్ళనూ అడగవచ్చు. కానీ వాళ్ళలో 55 వేల మందికి పైగా తామూ చచ్చిపోయారు. నా దృష్టిలో ఆ ‘నీ’ ముందు తగలాల్సింది బల్ల దగ్గర కూర్చుని టన్నుకు ఎన్ని ఇళ్ళో రాసిన చేతికి. పైనున్న వాళ్ళకు ఏం చేస్తున్నారో తెలియక కాదు. అసలు లక్ష్యం నగరాల విధ్వంసం, కార్మికులను చంపడం అని బహిరంగంగా చెప్పేయమని బాంబర్ దళాధిపతి హ్యారిస్ 1943 అక్టోబరులో ప్రభుత్వానికే రాశాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, సైనిక, పారిశ్రామిక లక్ష్యాల మీదే దాడులు అని జనానికి చెబుతూనే ఉంది.