రైతు వేదికలో స్లైడ్లు వేస్తే ఎవరూ చూడటం లేదు. ఏం మార్చాలి?

కొత్త ఏఈఓ:

అందరికీ నమస్తే. నేను ఏఈఓగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) చేరి ఏడాదిన్నర అయింది. మొన్న మా రైతు వేదికలో పత్తిలో గులాబీ రంగు పురుగు మీద మీటింగు పెట్టాను. నలభై మంది దాకా వచ్చారు. మూడు రాత్రులు కూర్చొని 26 స్లైడ్లు చేసుకున్నాను. పురుగు జీవిత చక్రం, శాస్త్రీయ నామం, మందుల పట్టిక, అన్నీ పెట్టాను. ఆరో స్లైడుకే వెనక వరుసలో ఫోన్లు బయటికొచ్చాయి. పదో స్లైడు దగ్గర ఒక పెద్దాయన లేచి, "బిడ్డా, అక్షరాలు కనబడ్తలేవు. ఏం మందు కొట్టాల్నో చెప్పు, పోత. బర్రెలు ఇంటికొచ్చే యాళ్లయింది" అన్నాడు. నాకు గొంతు తడారిపోయింది. మిగతాదంతా తెర వైపు తిరిగి చదివేసి ముగించాను.

దానికి తోడు నేను ఇంట్లో చేసిన ఫైలు అక్కడి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే సగం స్లైడ్లలో తెలుగు పోయి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి.

వచ్చే మంగళవారం పక్క ఊళ్లో ఇదే చెప్పాలి. మైకు పట్టుకుంటే నాకు టెన్షన్. ఎదురుగా రాసి ఉంటే ధైర్యంగా ఉంటుందని ప్రతి మాటా స్లైడులో రాస్తాను. ఏం తీసేయాలి? అసలు స్లైడ్లు లేకుండా చెప్పడమే మంచిదా? ఆ పెద్దాయన మాట ఇంకా చెవుల్లోనే ఉంది. ఆయన చేన్లో పురుగు ఉంది, ఆయనకు కావలసింది నేను అందించలేకపోయాను.

చేనుగట్టు:

అమ్మా, నేను వ్యవసాయ శాఖలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఆ 26 స్లైడ్లు పారేయకండి. అవి మీ నోట్సు. ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి, ధైర్యానికి అది చాలు. తెర మాత్రం రైతులకు వదిలిపెట్టండి.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీటింగు అయిన మర్నాడు పొద్దున రైతు చేన్లోకి వెళ్లి ఏం చేయాలి? గుడ్డి పూలు (పురుగు పడి విచ్చుకోని పూలు) లెక్కపెట్టాలి, మగ రెక్కల పురుగులను ఎర వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టాలి, మందు ఎప్పుడు కొట్టాలో తెలుసుకోవాలి. ఈ మూడింటికి పనికిరాని స్లైడు ఎంత బాగున్నా తీసేయండి. శాస్త్రీయ నామంతో రైతుకు పని లేదు.

మొదటి స్లైడులో ఒక్క అక్షరమూ వద్దు. తెర నిండా గుడ్డి పువ్వు ఫొటో, రేకులు విచ్చుకోకుండా ముడుచుకుని ఉన్నది. "ఇది ఎవరి చేన్లో కనబడింది?" అని అడిగి ఆగండి. ఆ కాసేపు నిశ్శబ్దం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా మాట్లాడకండి. ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. అక్కడి నుంచి ఆయనతోనే మాట్లాడండి.

తర్వాత ఒక కాయ ఫొటో, బయటికి నిక్షేపంగా ఉన్నది. ఆ వెంటనే అదే కాయ చీల్చింది, లోపల గులాబీ రంగు పురుగుతో. పిల్ల పురుగు గుడ్డులోంచి రాగానే కాయలోకి దూరుతుందని, దూరిన రంధ్రం పూడుకుపోతుందని, ఇక పైన కొట్టిన మందు దానికి తగలదని అప్పుడు చెప్పండి. డబ్బులు పోసి ఆలస్యంగా మందు కొట్టే రైతుకు మనం చెప్పాల్సిన అసలు మాట ఇదే. ఇక్కడ తొందరపడొద్దు.

ఆ తర్వాత రెండే రెండు అంకెల స్లైడ్లు. ఒకటి "8". బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితే మందు కొట్టాలని. రెండోది "100లో 10". వంద పూలు చూస్తే పది గుడ్డి పూలు ఉన్నా అంతే. అంకె గోడంత పెద్దగా ఉండాలి.

ఇక కీబోర్డు మీద బీ నొక్కండి. తెర నల్లగా అయిపోతుంది, అందరి కళ్లూ మీ మీదికి వస్తాయి. నిజమైన బుట్ట తీసి ముందు వరుసలో ఒకరి చేతికిచ్చి, ఎర ఆయనతోనే పెట్టించండి. మళ్లీ బీ నొక్కితే స్లైడు వస్తుంది.

మందుల పట్టిక తెర మీద వద్దు. పెద్ద అక్షరాల్లో ఒక పేజీ ప్రింటు తీసి చివర్లో పంచండి. మొదట్లోనే పంచితే అందరూ దాన్నే చదువుతారు.

ఇంకోటి. జనం రాకముందే వెళ్లి ఆఖరి కుర్చీలో కూర్చొని మీ స్లైడు చూడండి. మీకే కష్టంగా ఉంటే, కంట్లో పొర ఉన్న పెద్దమనిషికి ఎలా కనబడుతుంది? ఫొటోలు కూడా ఆ ఊరివే ఉండాలి. ఒకసారి నేను దిగుబడి గ్రాఫు చూపిస్తే, "ఆ గీత ఏ ఊరిది మేడమ్?" అని ఒక రైతు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఆ ఊరి చేను ఫొటో లేకుండా మీటింగుకు వెళ్లలేదు.

అక్షరాల పని:

తెలుగు పోయిన సంగతికి జవాబు. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఇలాగే అవుతుంది. అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేయండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది కాబట్టి దానితో భయం లేదు. మందంగా కావాలంటే రామభద్ర, మామూలు వాక్యాలకు మండలి బాగుంటాయి, రెండూ ఉచితమే. అవి వాడితే పవర్‌పాయింట్ ఆప్షన్స్‌లో సేవ్ దగ్గర ఫాంట్లను ఫైల్లోనే పొదిగే వీలుంది, టిక్కు పెట్టండి. పీడీఎఫ్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లిషుకు సరిపోయే లైన్ల ఎడం మనకు చాలదు, పెంచండి. కిటికీల వెలుతురు పడే హాల్లో తెల్ల నేల మీద నల్ల అక్షరాలే నిలుస్తాయి.

పాఠాల మాస్టారు:

ఇంజనీరింగ్ పిల్లలకు స్లైడ్ల గురించి చెప్పేటప్పుడు నేను 2003 నాటి కొలంబియా అంతరిక్ష నౌక సంగతి చెబుతాను. నౌక పైకి వెళ్లేటప్పుడు ఇంధన ట్యాంకు మీది గట్టి నురుగు (ఫోమ్) ముక్క ఊడి రెక్కకు తగిలింది. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు దాని మీద స్లైడ్లు చూపించారు. ఒక స్లైడు శీర్షిక చదివితే ఫరవాలేదనే అనిపిస్తుంది. అన్నిటికంటే కింది లైన్లో మాత్రం, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలైతే తగిలింది 1920 అని ఉంది. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. స్లైడు ఒక్కటే కారణమని అనను. కానీ దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఆ స్లైడును ప్రత్యేకంగా తప్పుపట్టింది.

మీ 26 స్లైడ్లలో అతి ముఖ్యమైన మాట ఎక్కడుందో ఒకసారి చూడండి.

కొత్త ఏఈఓ:

చూశాను సార్. "కాయలోకి వెళ్లాక మందు పనిచేయదు" అన్న మాట నా 17వ స్లైడులో చివరి లైను. చూసి మనసు కలుక్కుమంది.

ఈ పొద్దున ఆ పెద్దాయన చేన్లోకి వెళ్లాను. ఫొటో కోసం గుడ్డి పువ్వు ఆయనే వెతికిచ్చాడు. ఇద్దరం కలిసి వంద పూలు లెక్కపెడితే ఆరు వచ్చాయి. బుట్టలు ఈ రోజే కడతానన్నాడు. ఇప్పుడు నావి ఏడు స్లైడ్లు. మొదటి ప్రశ్న కంఠతా పట్టాను.

చేనుగట్టు:

ఇంట్లో మాట్లాడే యాసలోనే మాట్లాడండి అమ్మా. వీలైతే ఆ పెద్దాయన్ని మంగళవారం మీతో తీసుకెళ్లండి. పువ్వు ఆయన విప్పి చూపిస్తే వాళ్లు ఇంకా దగ్గరికి జరుగుతారు. మధ్యాహ్నం మూడుకే మొదలుపెట్టి, బర్రెలు వచ్చే వేళకు వదిలేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీదే పట్టుకెళ్లండి.