7వ గ్రూపు ముందే నిండిపోతోంది, చార్జింగ్ ఆగిపోతోంది

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఎలక్ట్రిక్ సైకిల్ కోసం 13ఎస్ 4పీ బ్యాటరీ ప్యాక్ సొంతంగా కట్టుకున్నాను, అంటే నాలుగేసి సెల్స్ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపిన గ్రూపులు పదమూడు, ఒకదాని తర్వాత ఒకటి (సిరీస్‌లో). 18650 సెల్స్, ఒక్కోటి 2.5 ఆంపియర్ అవర్, అంటే ప్యాక్ మొత్తం 10. బీఎంఎస్ (ప్రతి గ్రూపు వోల్టేజ్ చూస్తూ, హద్దు దాటితే చార్జింగ్ ఆపే బోర్డు) కూడా నేనే చేశాను. వోల్టేజ్‌లు కొలవడానికి బీక్యూ76940 చిప్, దాన్ని నడపడానికి ఒక చిన్న ఆర్డుయినో బోర్డు. చార్జర్ 54.6 వోల్టులది, 2 ఆంప్స్.

నాలుగు నెలలు ఏ గొడవా లేదు. పది రోజుల నుంచి చార్జర్‌లో పచ్చలైటు తొందరగా వెలుగుతోంది. మొదట సంబరపడ్డాను కూడా. మీటర్ పెడితే ప్యాక్ 53.1 దగ్గరే ఆగింది. గ్రూపులు విడివిడిగా కొలిచాను. పన్నెండు 4.07 దగ్గర ఉన్నాయి, 7వది ఒక్కటే 4.26. నేను పెట్టిన హద్దు 4.25 కాబట్టి బీఎంఎస్ కట్ చేస్తోంది. బోర్డు చూపించే అంకెలూ మల్టీమీటర్ అంకెలూ ఒకటే, కాబట్టి కొలతలో తప్పు లేదు. బ్యాలెన్సింగ్, అంటే ఎక్కువ నిండిన గ్రూపు చార్జ్‌ని బ్లీడ్ రెసిస్టర్ల ద్వారా కరిగించి సమానం చేయడం, 50 మిల్లీఆంప్స్. రాత్రంతా ఉంచినా అంతంత మాత్రమే.

కోడ్‌లో హద్దును 4.30 చేసేస్తే సరిపోతుందా? లేక బ్లీడ్ రెసిస్టర్లు మార్చి బ్యాలెన్సింగ్ కరెంట్ పెంచాలా?

జవాబు 1:

హద్దు జోలికి వెళ్లకండి. జ్వరం ఉందని థర్మామీటర్ గీతలు మార్చినట్టుంటుంది.

50 మిల్లీఆంప్స్‌తో ఎందుకు కావట్లేదో లెక్క వేసుకోండి. 4.07కీ 4.2కీ మధ్య మీ ప్యాక్‌లో దాదాపు 1.2 ఆంపియర్ అవర్ ఉంటుంది. దాన్ని 50 మిల్లీఆంప్స్‌తో కరిగించాలంటే ఇరవై నాలుగు గంటలు. కానీ అసలు ప్రశ్న అది కాదు. నాలుగు నెలలు సమానంగా ఉన్న గ్రూపు ఉన్నట్టుండి ఎందుకు విడిపోయింది?

ఒక పని చేయండి. బ్యాటరీ బాగా దిగేదాకా తొక్కి, అప్పుడు గ్రూపులు కొలవండి. 7వది కిందా ఎక్కువే చూపిస్తే ఉత్త బ్యాలెన్స్ తేడా, కరిగిస్తే పోతుంది. పైన ఎక్కువ, కింద తక్కువ చూపిస్తే మాత్రం ఆ గ్రూపు కెపాసిటీయే తగ్గింది. చిన్న గ్లాసు ముందే నిండుతుంది, ముందే ఖాళీ అవుతుంది.

జవాబు 2:

ఇంత టెన్షన్ ఎందుకు బ్రో, బీఎంఎస్ తీసేసి చార్జర్‌ను నేరుగా ప్యాక్‌కి పెట్టు. 54.6 దగ్గర చార్జరే ఆగుతుంది. నేను చాలాసార్లు చేశా.

జవాబు 3:

పై సలహా దయచేసి ఎవరూ పాటించకండి. చార్జర్‌కి కనిపించేది మొత్తం వోల్టేజే, ఒక్కో గ్రూపు కాదు. మిగతావి నిండేదాకా అది తోస్తూనే ఉంటుంది, ఈలోగా 7వది 4.4 దాటినా దానికి తెలియదు. లిథియం సెల్‌లో మంట మొదలయ్యేది ఇలాంటి చోటే.

పచ్చలైటు గురించి కూడా ఒక మాట. అది వెలిగిందంటే నిండిందని కాదు, కరెంట్ ఆగిందని మాత్రమే. బీఎంఎస్ కట్ చేసినా అదే లైటు.

అడిగినవారు:

కొలిచాను. దిగాక మిగతావి 3.36, 7వది 3.05. అంటే చిన్న గ్లాసే. సెల్ ఒకటి పాడైందా? అన్నీ ఒకేసారి కొన్న కొత్త సెల్సే మరి.

జవాబు 1:

సెల్ పాడవడం కన్నా వెల్డ్ (సెల్‌కి నికెల్ పట్టీని అతికించిన చోటు) ఊడి ఉండే అవకాశమే ఎక్కువ. నాలుగింటిలో ఒకటి విడిపోతే కెపాసిటీ ముప్పావు అవుతుంది. మీ అంకెలు దానికి సరిగ్గా సరిపోతున్నాయి. విప్పి చూడండి. ఉంగరం, వాచీ తీసేయండి, ట్వీజర్స్‌కి టేప్ చుట్టండి. ముందు బ్యాలెన్స్ ప్లగ్ పీకి, తర్వాత మెయిన్ నెగటివ్ విప్పండి. తిరిగి పెట్టేటప్పుడు దీనికి తలకిందులు.

ఊడిన సెల్ దొరికితే వెంటనే వెల్డ్ చేయకండి. దాని వోల్టేజ్ వేరు, గ్రూపు వోల్టేజ్ వేరు. నేరుగా కలిపితే ఒకదాన్నుంచి ఇంకోదానికి ఒక్కసారిగా కరెంట్ దూకుతుంది.

అడిగినవారు:

దొరికింది! 7వ గ్రూపులో చివరి సెల్. నికెల్ పట్టీ పైకి చూస్తే అతుక్కునే ఉంది. ట్వీజర్స్‌తో చిన్నగా లేపితే కాగితంలా లేచి వచ్చింది. మిగతా సెల్స్ మీద పట్టీ లాగితే నికెల్ చిరిగేంత గట్టిగా ఉంది, దీని మీద రెండు చుక్కలూ నల్లగా, పైపైన. ఆ వరస చేసేటప్పుడు వెల్డర్ బ్యాటరీ దిగిపోతోందని తెలిసి కూడా ‘ఇంకొక్కటే కదా’ అని కానిచ్చేశాను. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

విడి సెల్ 3.68 చూపిస్తోంది. అందరూ నిండుతూ దిగుతూ ఉంటే ఇది మాత్రం ఊడిన రోజు వోల్టేజ్ దగ్గరే కూర్చుంది. గ్రూపు ఇంకా 3.05 దగ్గరే ఉంది. 10 ఓమ్స్ రెసిస్టర్ మధ్యలో పెట్టి రెండింటినీ కలిపాను. మొదట 60 మిల్లీఆంప్స్ పారింది, వోల్టేజ్‌లు దగ్గరయ్యేకొద్దీ తగ్గుతోంది. తేడా 10 మిల్లీవోల్టుల లోపుకి వచ్చాక పట్టీ మార్చి వెల్డ్ చేస్తాను. తర్వాత 7వ గ్రూపు మిగతావాటితో సమానంగా ఉందో లేదో చూసి, తేడా ఉంటే ఒక్క సెల్ చార్జర్‌తో సరిచేశాకే ప్యాక్‌ని చార్జింగ్‌కి పెడతాను.

ఆ వరసలో ఉన్న మిగతా మూడు గ్రూపుల పట్టీలు కూడా ట్వీజర్స్‌తో లాగి చూశాను. ఇంకొకటి కదిలింది.