గుండ్రటి చారల క్రోషే దుప్పటి అంచు అలలుగా లేస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది తిరుపతి. ఈ ఊరి ఎండలకు ఊలు దుప్పటేంటని మా అత్తమ్మ నవ్వుతున్నారు గానీ, ఇది మదనపల్లెలో ఉండే మా అక్క కోసం. అక్కడ చలికాలంలో కావాల్సిందే.

మధ్యలో 12 డబుల్ క్రోషేలతో (పొడవాటి కుట్లతో) మొదలుపెట్టి, ప్రతి రౌండుకీ 12 చొప్పున పెంచుతున్నాను: 24, 36, 48 అలా. రెండు రౌండ్లకొకసారి రంగు మార్పు. మొదట్లో చదునుగానే ఉంది. పెద్దదయ్యేకొద్దీ అంచు అలలు అలలుగా లేస్తోంది. కుట్లు తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది కదా, ఇక్కడ దానికి రివర్స్. ముదురు ఎరుపు ఊలు మిగతావాటికన్నా కాస్త లావు, నా అనుమానమంతా దాని మీదే. ఒక రౌండు పెంచకుండా అల్లేస్తే సర్దుకుంటుందా? లేక ఆ రంగుకి సన్న హుక్ వాడాలా?

ఇంకోటి. పెంచే కుట్లు ఒకదాని మీద ఒకటి పడి మూలలు తేలుతున్నాయి. వాటిని రౌండు రౌండుకీ పక్కకి జరపాలంటారు, ఎన్ని కుట్లు జరపాలో లెక్క ఉందా? రంగు మార్చేటప్పుడు చివరి కుట్టు ఆఖరి లాగుడు కొత్త రంగుతోనే లాగుతున్నాను. అయినా అతుకు మెట్టులా కనిపిస్తోంది, అదే పెద్ద టెన్షన్. రౌండు మొదట్లో వేసే మూడు చెయిన్లకు (గొలుసు కుట్లకు) బదులు ఇంకెలా మొదలుపెడితే కనబడదు?

మొత్తం విప్పేయమంటే మాత్రం నావల్ల కాదు. ఇలాంటివి అల్లినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.