వారెంటు లేకుండా ఇల్లంతా వెతకొచ్చా? కార్డన్ సెర్చ్ మీద చర్చ

క్యాబ్ అన్న:
పోయిన ఆదివారం తెల్లారకముందు, ఐదు గంటలకు మా బస్తీని చుట్టుముట్టిండ్రు. కార్డన్ సెర్చ్ అంట. గల్లీకి రెండు దిక్కుల తాళ్లు కట్టి ఒక్కొక్క తలుపు కొట్టుకుంట ఒచ్చిండ్రు. మా ఇంట్లకు నలుగురు ఒచ్చి బీరువ తెరువుమన్నరు. వారెంటు ఉన్నదా సార్ అని అడిగిన. "నువ్వు లాయరువా?" అన్నడు ఒకాయన. ఆధార్ కార్డులు చూసిండ్రు, బండి కాయితాలు చూసిండ్రు, బియ్యం డబ్బల చెయ్యి పెట్టి చూసిండ్రు. ఏం దొరకలే. ఒక్క కాయితం రాయలే, మా సంతకం తీసుకోలే. ఇది చట్టమేనా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

రిటైర్డ్ హెచ్‌సీ:
తమ్ముడూ, నేను రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ని. పోలీసుకి ప్రతిదానికీ వారెంటు అక్కర్లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఎక్కువగా చేసింది నర్సీపట్నం వైపు చెక్‌పోస్టుల్లో. ఏజెన్సీ నుంచి గంజాయి బండి దిగుతోందని కబురొచ్చాక మేజిస్ట్రేటు గారి దగ్గరికెళ్లి వారెంటు తెచ్చేసరికి బండి తుని దాటిపోతుంది. అందుకే మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 42, 43 సెక్షన్లు పెట్టారు. రోడ్డు మీదైతే 43 కింద బండి ఆపి చూడొచ్చు. బ్యాగు వెతకడానికి గెజిటెడ్ ఆఫీసరు కావాలని కుర్రాళ్లు వాదిస్తుంటారు, అదీ తప్పే. ఆ నియమం మనిషి ఒళ్లు వెతకడానికే, బ్యాగు ఒంటి కిందికి రాదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

క్యాబ్ అన్న:
సార్, నేను బ్యాగు గురించి అడగలే. ఇంటి గురించి అడిగిన.

మౌలాలి వాసి:
ఇంట్లో ఏమీ లేనప్పుడు చూపిస్తే పోయేదేముంది? దొంగలు దొరికితే మనకే కదా మంచిది.

నల్లకోటు:
డ్రైవర్ అన్నా, మీ ప్రశ్నకు జవాబు ఉంది. వారెంటు లేకుండా సోదా చేసే అధికారం పాత సీఆర్‌పీసీలో, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, 165వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 185 అయింది. అది స్టేషన్ అధికారికో దర్యాప్తు అధికారికో ఇచ్చిన అధికారం. ముందు ఒక కేసు దర్యాప్తులో ఉండాలి. ఫలానా వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి కారణం ఉండాలి. వారెంటు తెచ్చేలోపు అది మాయమయ్యే పరిస్థితి ఉండాలి. ఇవన్నీ ముందే కాగితం మీద రాయాలి. ఆ కాగితాల కాపీ 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలి. సోదాను వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. ఇద్దరు స్థానిక పెద్దమనుషుల ఎదుట పంచనామా జరగాలి. "ఈ గల్లీలో ఇళ్లన్నీ" అనే మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

రిటైర్డ్ హెచ్‌సీ:
ఎన్‌డీపీఎస్ 42 మాటేమిటమ్మా? దాని కింద ఇంట్లోకీ వెళ్లొచ్చు.

నల్లకోటు:
వెళ్లొచ్చు, కానిస్టేబుల్ కంటే పై ర్యాంకులో ఉండి ప్రభుత్వం అధికారమిచ్చిన వాళ్లు. అందిన సమాచారాన్ని రాతలో పెట్టి 72 గంటల్లో పై అధికారికి పంపాలి. పైగా సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు వెళ్తే వారెంటు ఎందుకు తేలేకపోయారో ముందే రాయాలి. వీళ్లు వెళ్లింది చీకట్లో ఐదింటికి.

రిటైర్డ్ హెచ్‌సీ:
రాతలు రాతలు అంటారు. ఒకసారి బండి ఆపబోతే గుద్దేసి వెళ్లిపోయింది, నా కుడికాలు విరిగింది. ఆ బండిని తర్వాత పట్టుకున్నాం. నిందితుడి ఒళ్లు వెతికేముందు, గెజిటెడ్ ఆఫీసరు ఎదుట వెతకమని అడిగే హక్కు ఉందని చెప్పే 50వ సెక్షన్ నోటీసు సరిగ్గా ఇవ్వలేదని కేసు కొట్టేశారు. నేను ఇప్పటికీ కుంటుతున్నాను. వాడు నవ్వుకుంటూ కోర్టు మెట్లు దిగాడు. మీరేమో నాకు సెక్షన్లు చెప్తున్నారు.

బోడుప్పల్ నుంచి:
2021 అక్టోబరులో హైదరాబాద్‌లో బండ్లు ఆపి ఫోన్లలో "గంజాయి" అన్న మాట వెతికారు, గుర్తుందా? అది ఏ సెక్షనో ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు.

మౌలాలి వాసి:
మళ్లీ అదే. తప్పు చేయనివాడికి భయమెందుకు?

క్యాబ్ అన్న:
భయం కాదన్నా. మా చెల్లె పెండ్లికి తెచ్చిన చీరెలు కింద గుమ్మరించిండ్రు. గల్లీ మొత్తం చూసుకుంట నిలబడ్డది. అత్తగారోళ్లు రెండు గల్లీల అవతల ఉంటరు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడిగిండ్రు, మీ ఇంట్ల పోలీసులు ఎందుకు ఒచ్చిండ్రు అని. దానికి ఏం జవాబు చెప్పాలె? నీ ఇంటికి ఎన్నడన్న అట్ల ఒచ్చిండ్రా? నేను దినాం గేటెడ్ కమ్యూనిటీలకు సవారీలు తీసుకపోత. ఆడ ఎన్నడూ ఎవలూ తాడు కట్టంగ సూడలే. గంజాయి ఆడ తాగరా? తాడు మాకే ఎందుకు? పెద్దాయనా, మీరు ముప్పై ఏండ్లు చేసిండ్రు, మీరే చెప్పుండ్రి.

మౌలాలి వాసి:
విషయం పక్కకి పోతోంది.

నల్లకోటు:
పక్కకి పోవడం లేదండీ, అసలు విషయం ఇప్పుడే వచ్చింది. హెచ్‌సీ గారి కేసులో నిందితుడు ఉన్నాడు, కోర్టు ఉంది, అందుకే 50వ సెక్షన్ తప్పు బయటపడింది. ఈ అన్న ఇంట్లో ఏమీ దొరకలేదు. కేసే లేదు కాబట్టి ఆ సోదా తప్పో ఒప్పో అడిగే కోర్టు దానంతటదే రాదు. దొరికినా, అక్రమ సోదాలో దొరికిందన్న ఒక్క కారణంతో సాక్ష్యం చెల్లకుండా పోదని 1973లోనే పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఇంకో తీర్పూ ఉంది. స్టాంపుల చట్టానికి మన ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఒకటి ఉండేది. కలెక్టర్ అధికారమిస్తే ఎవరైనా లోపలికొచ్చి దస్తావేజులు తిరగేయొచ్చు. కెనరా బ్యాంకు కేసులో దాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. బ్యాంకులో ఉన్న కాగితాలకే అంత విలువ ఇచ్చారు, మనిషి ఇంట్లో బీరువాకి ఇవ్వరా?

రిటైర్డ్ హెచ్‌సీ:
తమ్ముడూ, అడిగావు కాబట్టి చెప్తున్నాను. పైనుంచి లెక్క అడుగుతారు, ఎన్ని ఇళ్లు చూశారు, ఎన్ని బండ్లు పట్టారని. పెద్ద గేటు తడితే ఎస్సైకి ఫోన్ వస్తుంది. బస్తీలో తడితే ఎవరూ చెయ్యరు. ఇది నేను చూసిందే. కాయితం రాయకుండా నేనూ ఇళ్లలోకి వెళ్లాను. అప్పుడు తప్పనిపించలేదు. 42 తీసేయాలంటే మాత్రం ఒప్పుకోను, ఘాట్ రోడ్డులో అర్ధరాత్రి నిలబడ్డవాడికి అది కావాలి. కానీ ఘాట్ రోడ్డు వేరు, మీ చెల్లెలి చీరల బీరువా వేరు.

క్యాబ్ అన్న:
ఇంత మాట ఎవలూ అనలే సార్. ఇప్పుడు నేనేం చెయ్యాలె?

నల్లకోటు:
185లోనే ఉంది. మేజిస్ట్రేటుకు పంపిన సోదా కాగితాల కాపీని ఇంటి యజమాని గానీ అందులో ఉంటున్నవాళ్లు గానీ దరఖాస్తు పెడితే ఉచితంగా ఇవ్వాలి. మీ పేరు, చిరునామా, తేదీ, సమయం రాసి కోర్టులో ఇవ్వండి. కాగితాలే రాలేదని చెబితే ఆ మాటే రాతలో అడగండి. హైకోర్టుకు వెళ్లాలన్నా మొదట పనికొచ్చేది అదే.

క్యాబ్ అన్న:
సోమారం పోత మేడమ్. కిరాయిలు బంద్ పెట్టుకున్న.

రిటైర్డ్ హెచ్‌సీ:
వీడియో తీశారా అని కూడా అందులో రాయి తమ్ముడూ. టైము మాత్రం కచ్చితంగా వెయ్యి. ఐదు గంటలు, చీకటి అని.